సొంతంగా కట్టుకున్న లినక్స్ డెస్క్‌టాప్ మొరాయిస్తే

మా ఇంట్లో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత నెట్‌బుక్ ఒకటుంది. దాన్ని చెత్తలో వెయ్యడానికి మనసొప్పక మొదలుపెట్టిన పని ఇది. కింద డెబియన్ అనే లినక్స్. దాని మీద కిటికీల్ని జరిపి, వాటికి టైటిల్ పట్టీలు పెట్టే విండో మేనేజర్‌గా ఓపెన్‌బాక్స్, తెర అంచున గడియారం, ఐకాన్లు ఉండే ప్యానెల్‌గా టింట్2, ఫైళ్ళకీ వాల్‌పేపర్‌కీ పీసీమ్యాన్‌ఎఫ్ఎం, నోటిఫికేషన్లకి డన్‌స్ట్. విడివిడిగా అన్నీ బుద్ధిగానే నడుస్తాయి. ఒకచోట చేర్చినప్పుడే తంటా.

ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి పూర్తి డెస్క్‌టాప్ లాగిన్ కాగానే మనకి కనపడకుండా బోలెడు చిన్న ప్రోగ్రాముల్ని లేపి కూర్చోబెడుతుంది. సొంతంగా కట్టుకున్నప్పుడు ఆ పని చేసే పెద్దదిక్కు ఉండదు. అందుకే ఏది పనిచెయ్యకపోయినా నేను ముందు చూసేది ఒకటే: దీన్ని లేపాల్సింది ఎవరు, లేపారా లేదా? కింద చెప్పిన సమస్యల్లో ముప్పాతిక వంతు అక్కడే తేలిపోయాయి.

(కమాండ్ల పేర్లు తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలని వేరే చెప్పక్కర్లేదు.)

పాస్‌వర్డ్ కొట్టగానే మళ్ళీ లాగిన్ స్క్రీనే వస్తోంది

సొంత డెస్క్‌టాప్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే ఎదురయ్యే సమస్య. పాస్‌వర్డ్ తప్పేమో అని పదిసార్లు కొట్టి చూస్తారు. పాస్‌వర్డ్ తప్పయితే ఆ సంగతి స్క్రీన్ మీదే చెబుతుంది. తెర ఒక్కసారి నల్లబడి వెనక్కి వచ్చిందంటే లాగిన్ అయింది, సెషన్ మొదలైంది, వెంటనే చచ్చిపోయింది అని అర్థం.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్ళండి. అక్కడ లాగిన్ అయి, హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు తెరిచి చివరి పది లైన్లు చదవండి. సాధారణంగా నాలుగింటిలో ఏదో ఒకటి బయటపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది సెషన్ స్క్రిప్ట్ (లాగిన్ కాగానే ఏవేవి లేపాలో వరసగా చెప్పే ఫైలు) రాయడంలో పొరపాటు. ఆ స్క్రిప్ట్ ముగిసిందంటే లాగిన్ మేనేజర్ దృష్టిలో మీరు లాగవుట్ అయినట్టే. ప్యానెల్, వాల్‌పేపర్, ఓపెన్‌బాక్స్ అన్నిటి చివరా & గుర్తు పెడితే అన్నీ వెనకాలకి వెళ్ళిపోతాయి, స్క్రిప్ట్ అర సెకనులో అయిపోతుంది, మిమ్మల్ని బయటికి నెట్టేస్తుంది. మిగతా వాటికి & ఉంచండి. చివరి లైను మాత్రం ఎగ్జెక్ అన్న మాటతో మొదలై ఓపెన్‌బాక్స్-సెషన్‌తో ముగియాలి, దానికి & ఉండకూడదు. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. ప్యానెల్ లైనుకి & మర్చిపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ప్యానెల్ కనిపిస్తుంది గానీ తెరిచిన కిటికీలకి పైన టైటిల్ పట్టీ ఉండదు, జరుపుదామంటే జరగవు. అలా కనిపిస్తే విండో మేనేజర్ వరకూ స్క్రిప్ట్ రాలేదన్నమాటే.

రెండోది, స్క్రిప్ట్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి లేకపోవడం, లేదా విండోస్‌లో ఎడిట్ చేసి తేవడం. విండోస్ ఎడిటర్ ప్రతి లైను చివరా కంటికి కనపడని అక్షరం ఒకటి అదనంగా పెడుతుంది. దాంతో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని వస్తుంది. డాస్2యూనిక్స్ అనే చిన్న టూల్ దాన్ని శుభ్రం చేస్తుంది. మూడోది, ఎప్పుడో సుడోతో, అంటే అడ్మిన్ హోదాలో, గ్రాఫికల్ ప్రోగ్రాం నడిపినందువల్ల తెర వాడుకునే అనుమతి ఉండే ఎక్స్అథారిటీ ఫైలు రూట్ (అడ్మిన్) పేరు మీదికి మారిపోవడం. దాన్ని చెరిపేస్తే మళ్ళీ కొత్తది పుడుతుంది. నాలుగోది మరీ మామూలుది, డిస్క్ నిండిపోవడం. డీఎఫ్ కమాండ్ కొట్టి చూడండి. దీనికోసం నేనొకసారి ఒక పూట పాడుచేసుకున్నాను.

లాగిన్ అయ్యాక వైఫై ఐకాన్, వాల్యూమ్ ఐకాన్ లేవు

రెండు కారణాలు. ప్యానెల్‌లో కూర్చునే ఇలాంటి చిన్న ప్రోగ్రాములు (ఆప్లెట్లు), లాగిన్ కాగానే లేవాల్సినవాటి జాబితా ఉండే ఎక్స్‌డీజీ ఆటోస్టార్ట్ ఫోల్డర్ ద్వారా లేస్తాయి. వట్టి ఓపెన్‌బాక్స్ నడిపితే ఆ ఫోల్డర్‌ని ఎవరూ చూడరు, ఓపెన్‌బాక్స్-సెషన్ నడపాలి. అది కూడా పైథాన్ ఎక్స్‌డీజీ లైబ్రరీ ఉంటేనే ఆ ఫోల్డర్ చదువుతుంది, లేకపోతే దాటేసి పోతుంది. సైజు తగ్గిద్దామని అదనపు ప్యాకేజీలు వద్దనుకున్నవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

ప్రోగ్రాం లేచినా ఐకాన్ రాకపోతే రెండో కారణం. ప్యానెల్ మూల ఉండే ట్రే ఐకాన్లకి పాత పద్ధతి ఎక్స్ఎంబెడ్, కొత్త పద్ధతి స్టేటస్‌నోటిఫయర్. టింట్2కి పాతదే తెలుసు. కొత్త పద్ధతిలో మాత్రమే ఐకాన్ పంపే ప్రోగ్రాములకి మధ్యలో దుబాసీలా స్నిక్స్ఎంబెడ్ నడపాలి.

ఏ ప్రోగ్రాం నొక్కినా తెరుచుకోవడానికి అర నిమిషం

మెషీన్ పాతది కదా అని సరిపెట్టుకుంటారు. వాచీ పెట్టి చూడండి. సరిగ్గా 25 సెకన్లకి దగ్గరగా ఉంటే పాపం ప్రాసెసర్‌ది కాదు. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్‌లో జవాబు కోసం ఎదురుచూసే గడువు మామూలుగా అంతే. అంటే మీ ఎడిటరో, బ్రౌజరో ఎవర్నో పిలిచి, పలకక, 25 సెకన్లు కాచుకుని, విసిగి తెరుచుకుంటోంది.

ఆ పలకనివాడు చాలాసార్లు డెస్క్‌టాప్ పోర్టల్, అంటే ఫైలు ఎంచుకునే కిటికీ లాంటివి ప్రోగ్రాములకి అందించేది. దాన్ని వెనకాల నడిచే సర్వీసుల్ని చూసుకునే సిస్టమ్‌డీ లేపుతుంది. కానీ మీ స్క్రీన్ ఏదో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ మీ సెషన్ స్క్రిప్ట్‌కి తెలుసు గానీ సిస్టమ్‌డీకి తెలియకపోవచ్చు. స్క్రీన్ ఎక్కడుందో తెలియక పోర్టల్ పడిపోతుంది. కాబట్టి సెషన్ స్క్రిప్ట్‌లో మొట్టమొదట, వేరే ఏ ప్రోగ్రామూ లేవకముందు, డీబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ కమాండ్‌ని సిస్టమ్‌డీ ఆప్షన్‌తో నడిపి, డిస్‌ప్లే, ఎక్స్అథారిటీ, ఎక్స్‌డీజీ-కరెంట్-డెస్క్‌టాప్ మూడూ దానికి అందించండి. ఈ లైను కింద ఎక్కడో పెడితే లాభం లేదు, అప్పటికే ఆలస్యమైపోతుంది.

కరెంట్-డెస్క్‌టాప్ వేరియబుల్‌లో మీ డెస్క్‌టాప్‌కి మీరు పెట్టుకున్న పేరే రాయండి. జీటీకే (కిటికీలు, బటన్లు గీసే టూల్‌కిట్) పోర్టల్ ప్యాకేజీ వేసుకుని, మీ డెస్క్‌టాప్ పేరుతో పోర్టల్స్ కాన్ఫ్ ఫైలు ఒకటి పెట్టి, అందులో డిఫాల్ట్‌గా జీటీకే అని రాస్తే ఏ పోర్టల్‌ని పిలవాలన్న గందరగోళం ఉండదు. గ్నోమ్ అని ఇంకో పెద్ద డెస్క్‌టాప్ పేరు అబద్ధంగా రాసి నెగ్గుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అలా రాస్తే, ఆటోస్టార్ట్ ఫోల్డర్‌ని చదివేది ఏదన్నదాన్ని బట్టి, గ్నోమ్‌కి మాత్రమే ఉద్దేశించిన ప్రోగ్రాములు కూడా లేచి కూర్చుని ఉన్న ర్యామ్ కాస్తా తినెయ్యొచ్చు.

తెలుగు డబ్బాలుగా, లేదా ముక్కలుగా కనిపిస్తోంది

ఇవి రెండు వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ లేదు. ఎఫ్‌సీ-లిస్ట్‌తో తెలుగు ఫాంట్లు ఉన్నాయేమో చూసి, లోహిత్ తెలుగో నోటో సాన్స్ తెలుగో వేసుకుంటే సరి.

అక్షరాలు వస్తున్నాయి గానీ 'స్త్రీ' అన్న మాట వత్తులు కలవకుండా స్, త్, రీ అని విడిపోయి కనిపిస్తే ఎన్ని ఫాంట్లు వేసినా ఉపయోగం లేదు. వత్తులు కలిపే పని ఫాంట్ ఒక్కటే చెయ్యదు, దాన్ని గీసే లైబ్రరీ కూడా చెయ్యాలి. పాంగో, హార్ఫ్‌బజ్ వాడే ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. తేలిక కోసం నేరుగా ఎక్స్ఎఫ్‌టీతో గీసేవి చెయ్యవు. పేరు టైప్ చేసి ప్రోగ్రాములు తెరిచే డీమెనూ అలాంటిదే. తెలుగు పేర్లున్న ఫైళ్ళు అందులో చదవలేం. డీమెనూ తీసేసి పాంగోతో గీసే రోఫీ పెట్టాను, కొంచెం బరువైనా సరే. ఎంత తేలికైతే అంత గొప్ప అనుకునేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. మన లిపి చూపించలేని తేలికతనం మనకెందుకు?

ప్యానెల్‌లో ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు కొలతకి కుదించిన 24 పిక్సెళ్ళ పట్టీలో తెలుగు పేర్ల కింది వత్తులు తెగిపోతాయి. ప్యానెల్ ఎత్తు 32కి పెంచండి, లేదా ఫాంట్ ఒక సైజు తగ్గించండి. గడియారంలో వారం పేరు తెలుగులో రావాలంటే తెలుగు లొకేల్ (భాష సెట్టింగు) కూడా తయారై ఉండాలి. డెబియన్‌లో లొకేల్స్ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేసేటప్పుడు దాన్ని టిక్ పెట్టాలి.

టైపింగ్ సంగతి. సెట్ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌తో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ పెట్టుకుంటే, యూఎస్‌బీ కీబోర్డ్ తీసి మళ్ళీ గుచ్చగానే తెలుగు పోతుంది. ఆ కమాండ్ అప్పటికి ఉన్న కీబోర్డుకే వర్తిస్తుంది మరి. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న కీబోర్డ్ ఫైల్లో రాస్తే నిలుస్తుంది. ఐబస్ అనే టైపింగ్ టూల్‌తో టైప్ చేసేవాళ్ళు దాని వేరియబుల్స్‌ని సెషన్ స్క్రిప్ట్ మొదట్లోనే పెట్టాలి. తర్వాత పెడితే కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు వస్తుంది, కొన్నిట్లో రాదు, ఎందుకో అర్థంకాక జుట్టు పీక్కోవడమే.

చిన్నాచితకా

పెన్‌డ్రైవ్ తెరవబోతే అనుమతి లేదంటోంది, జీపార్టెడ్ (డిస్క్‌ని భాగాలు చేసే ప్రోగ్రాం) నొక్కితే ఉలుకూ పలుకూ లేదు: పాస్‌వర్డ్ అడిగే పోల్‌కిట్ ఏజెంట్ లేవలేదు. ఎల్ఎక్స్‌పోల్‌కిట్‌ని స్క్రిప్ట్‌లో చేర్చండి.

డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేస్తే ఓపెన్‌బాక్స్ మెనూ రావట్లేదు: తెరంతా పీసీమ్యాన్‌ఎఫ్ఎం కప్పేసింది. దాని డెస్క్‌టాప్ ప్రిఫరెన్సెస్‌లో విండో మేనేజర్ మెనూ చూపించమనే ఆప్షన్ ఉంది.

తేలిక అన్నారు, ఫ్రీ కమాండ్ చూస్తే ర్యామ్ అంతా అయిపోయిందంటోంది: ఫ్రీ అన్న గడి చూడకండి, అవైలబుల్ అన్నది చూడండి. ఖాళీ ర్యామ్‌ని లినక్స్ డిస్క్ క్యాషీకి వాడుకుంటుంది, అడిగితే తిరిగిచ్చేస్తుంది. నిజంగానే చాలకపోతే ర్యామ్‌లో ఉన్నదాన్నే కుదించి దాచే జీర్యామ్ పెట్టుకోండి. డెస్క్‌టాప్‌ని ఇంకెంత చెక్కినా బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ పొదుపంతా ఆవిరే.

నా దగ్గర నడుస్తోంది, ఇంకొకరి దగ్గర నడవట్లేదు

పంచుకోవడం మొదలుపెట్టాకే అసలు కథ. నేను మొదటిసారి కాన్ఫిగ్ ఫోల్డర్‌ని యథాతథంగా జిప్ చేసి మా బావమరిదికి పంపాను. సాయంత్రం ఫోన్. "బావా, తెరంతా నల్లగా ఉంది, మెనూలో ఏది నొక్కినా రావట్లేదు." ప్రతి ఫైల్లోనూ నా యూజర్ పేరుతో సహా నా హోమ్ ఫోల్డర్ అడ్రసు రాసి ఉంది. అతని మెషీన్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడుంటుంది? పంపే ముందు మొత్తం ఫోల్డర్‌లో మీ యూజర్ పేరుని గ్రెప్‌తో వెతకండి. స్క్రిప్టుల్లో అయితే దాని బదులు హోమ్ వేరియబుల్ రాయొచ్చు. షెల్ చదవని కాన్ఫిగ్ ఫైళ్ళలో ఆ వేరియబుల్ విచ్చుకోదు. అందుకే వాల్‌పేపర్లు, ఐకాన్లు యూఎస్ఆర్ కింద షేర్ ఫోల్డర్‌లో అందరికీ ఒకేచోట ఉండేలా పెట్టడం మేలు.

తర్వాత డెబియన్‌లో నేరుగా ఎక్కించుకునే డెబ్ ప్యాకేజీ చేశాను. అది ఎక్కించబోతే, వేరే ప్యాకేజీకి చెందిన ఫైలు మీద రాయబోతున్నావు అంటూ ప్యాకేజీలు ఎక్కించే డీప్యాకేజ్ ఆపేసింది. ఓపెన్‌బాక్స్ వాళ్ళ సొంత సెట్టింగుల ఫైలు (ఆర్‌సీ ఫైలు) ఉన్నచోటే నాదీ పెట్టాను మరి. బలవంతంగా ఎక్కించే ఆప్షన్ ఉంది గానీ దాని జోలికి వెళ్ళకండి, రేపు ఓపెన్‌బాక్స్ అప్‌డేట్ వస్తే మళ్ళీ గొడవే. ఈటీసీలో ఉన్న ఎక్స్‌డీజీ ఫోల్డర్ కింద మీ డెస్క్‌టాప్ పేరుతో వేరే ఫోల్డర్ పెట్టి, సెషన్ స్క్రిప్ట్‌లో ఎక్స్‌డీజీ-కాన్ఫిగ్-డిర్స్ వేరియబుల్‌కి దాన్ని ముందుగా చేర్చండి. ఓపెన్‌బాక్స్‌కి కాన్ఫిగ్-ఫైల్ ఆప్షన్‌తో నేరుగా మీ ఫైలే చూపించొచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే లినక్స్ గ్జుబుంటు కూడా తన సెట్టింగుల్ని ఇలా వేరే ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. చాలామంది స్కెల్ ఫోల్డర్‌లో పడేస్తారు. అది కొత్తగా సృష్టించిన యూజర్లకే కాపీ అవుతుంది, అప్పటికే ఉన్నవాళ్ళకి ఏమీ మారదు.

డిపెండెన్సీల (మన ప్యాకేజీ నడవడానికి కావాల్సిన వేరే ప్యాకేజీల) లెక్క ఇంకో తలనొప్పి. మీ మెషీన్‌లో ఎప్పుడో వేసుకుని మర్చిపోయినవి పది ఉంటాయి. అవి లేని మెషీన్‌లో వాల్యూమ్ బటన్ పనిచెయ్యదు. కనీస డెబియన్ మాత్రమే ఉన్న వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టుకుని, స్నాప్‌షాట్ తీసి, ప్రతిసారీ అక్కడినుంచే ఎక్కించి చూడండి. అది లేకపోతే డెస్క్‌టాపే లేవదు అనుకున్నవి డిపెండ్స్‌లో, ఉంటే బాగుంటుంది అనుకున్నవి రికమెండ్స్‌లో. పాత మెషీన్ల కోసం 32-బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైలు) ఇద్దామనుకుంటే ఒక మాట: 2025లో వచ్చిన డెబియన్ 13కి 32-బిట్ పీసీ ఇన్‌స్టాలర్ లేదు, డెబియన్ 12 మీదే కట్టాలి.

అన్నీ బాగున్నాయి, అయినా ఎవరూ తీసుకోవట్లేదు

లైసెన్స్ ఫైలు పెట్టారా? కోడ్ అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన ఓపెన్ సోర్స్ అయిపోదు. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులన్నీ మీవే, వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. ఎక్స్‌ఎఫ్‌సీఈకి కూడా ఈ దెబ్బ తగిలింది. 1996లో ఒలివియే ఫోర్దాఁ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఎక్స్‌ఫార్మ్స్ అనే టూల్‌కిట్ మీద కట్టాడు. ఆ టూల్‌కిట్ లైసెన్స్ స్వేచ్ఛాయుతం కాదని రెడ్‌హ్యాట్ కంపెనీ తమ లినక్స్‌లోకి తీసుకోలేదు. 1999లో మొత్తం జీటీకేతో తిరగరాశాడు. మనకి అంత పని పడదు గానీ, గూగుల్‌లో దొరికిన వాల్‌పేపర్, ఎక్కడినుంచో తెచ్చిన ఐకాన్ థీమ్ ప్యాకేజీలో ఉంటే డెబియన్ లాంటివాళ్ళు తీసుకోరు. నేను మా ఊరి చెరువు ఫోటో ఒకటి తీసి దాన్నే పెట్టాను. జీపీఎల్ లైసెన్స్ ఉన్న ప్రోగ్రాములతో ఐఎస్ఓ చేసి పంచితే వాటి సోర్స్ అందించే బాధ్యత కూడా మీదేనని గుర్తుంచుకోండి.

వేలాండ్‌లో లాగిన్ అయితే ప్యానెల్ మాయం

తెర మీద కిటికీలు చూపించే పాత పద్ధతి ఎక్స్11, కొత్తది వేలాండ్. టింట్2 ఎక్స్11 కోసం రాసింది, వేలాండ్‌లో ప్యానెల్‌గా నిలబడదు. ఓపెన్‌బాక్స్ కూడా అంతే. దాని స్థానంలో లాబ్‌డబ్ల్యూసీ ఉంది. ఓపెన్‌బాక్స్ థీములు, ఆర్‌సీ ఫైలు పద్ధతి దానికి అర్థమవుతాయి కాబట్టి పాత కష్టం చాలావరకు వృథా పోదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ల ఓఎస్ కూడా 2024 అక్టోబర్‌లో దానికే మారింది. ప్యానెల్ మాత్రం ఎస్ఎఫ్‌డబ్ల్యూబార్ లాంటిది వెతుక్కోవాలి, సెట్ఎక్స్‌కేబీమ్యాప్ బదులు కీబోర్డ్ లేఅవుట్‌ని లాబ్‌డబ్ల్యూసీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో రాయాలి. నెట్‌బుక్ మీద నేనింకా ఎక్స్11లోనే ఉన్నాను. సెషన్ ఫైళ్ళు రెండూ ప్యాకేజీలో పెట్టాను, లాగిన్ స్క్రీన్‌లో ఎవరికి కావాల్సింది వాళ్ళు ఎంచుకుంటారు.