మందుపూత స్టెంట్ వేయించుకున్న తరువాత మాత్రలు వాడే పద్ధతి

గుండె రక్తనాళాల్లో నేడు వేస్తున్న స్టెంట్లలో ఎక్కువ భాగం మందుపూత ఉన్నవే. సన్నని లోహపు జాలీ గొట్టం మీద పూసిన సిరోలిమస్ లేదా ఎవెరోలిమస్ వంటి మందు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల పాటు నాళం గోడలోకి మెల్లగా దిగుతూ, అక్కడి కణాలు అతిగా పెరిగి దారి మళ్లీ ఇరుకు కాకుండా చూస్తుంది. అయితే ఆ మందు వల్లనే లోహం మీద కొత్త పొర కమ్ముకోవడం కూడా ఆలస్యమవుతుంది. అంతవరకు స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలర్ గానీ రాస్తారు.

గుండెపోటు వచ్చినవారికి ఈ రెండు మాత్రలు సాధారణంగా 12 నెలలు, గుండెపోటు రాకపోయినా స్టెంట్ వేయించుకున్నవారికి 6 నెలలు ఉంటాయి. రక్తస్రావం ముప్పును బట్టి గడువును తగ్గించేదీ పెంచేదీ గుండె డాక్టరే. క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి, టికాగ్రెలర్ 90 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండు పూటల మోతాదూ కలిపి మింగకూడదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవారు తిరిగి వచ్చేదాకా సరిపడా మాత్రలు వెంట తీసుకెళ్లాలి. అక్కడ కొనవలసి వస్తే కంపెనీ పేరు కాక, అట్ట మీది మందు పేరు, మిల్లీగ్రాములు చూపి అడగాలి.

నల్లగొండ వైపు మరొక చిక్కు ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము పట్టేసినవారు డైక్లోఫెనాక్ మాత్రకో, ఆర్ఎంపీ వేసే నొప్పుల సూదికో అలవాటుపడి ఉంటారు. స్టెంట్ మాత్రలతో కలిస్తే ఆ మందు కడుపులో రక్తస్రావం తెప్పించవచ్చు, గుండెకూ మంచిది కాదు. కండకు వేసే సూది ఏదైనా వేసినచోట రక్తం గడ్డలా చేరవచ్చు. నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవడమే క్షేమం. క్లోపిడోగ్రెల్ వాడేవారికి గ్యాస్ మాత్రగా ఒమెప్రజోల్ తగదు, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా ముందుగా స్టెంట్ సంగతి చెప్పాలి. “నాలుగు రోజులు మాత్రలు ఆపి రండి” అని ఎవరైనా అంటే, గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఆపరాదు. స్టెంట్ పేరు, కొలత, వేసిన తేదీ ఉన్న డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, టికాగ్రెలర్ మొదలుపెట్టాక ఆయాసం వచ్చినా మాత్రలు సొంతంగా మానేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. స్టెంట్‌లో గడ్డ కడితే గుండె కండరం నిమిష నిమిషానికీ దెబ్బతింటుంది.