మొరాకో ప్రయాణం: ఈ-వీసా నుంచి మిగిలిన దిర్హమ్‌ల దాకా

భారత పాస్‌పోర్టుతో మొరాకో చూడ్డానికి వెళ్లేవాళ్లు ఢిల్లీలోని ఎంబసీ చుట్టూ తిరగనక్కర్లేదు. 2022 జులై నుంచి ఈ-వీసా ఇస్తున్నారు. దరఖాస్తు చెయ్యాల్సింది ‘యాక్సెస్ మారోక్’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో. చిరునామా చివర డాట్ ఎంఏ ఉందో లేదో చూసుకోండి. అలాంటి పేర్లతోనే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి, అదే పనికి ఎక్కువ డబ్బు తీసుకుంటాయి.

మామూలు ఫీజు 770 మొరాకో దిర్హమ్‌లు, జవాబు 72 గంటల్లో. తొందరైతే 1,100 దిర్హమ్‌లు, 24 గంటలు. రెండూ పనిదినాల లెక్కే, కాబట్టి వారాంతం కలుపుకుని చూసుకోండి. డబ్బు కట్టే దగ్గర కార్డు తిరస్కరిస్తే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి. మన బ్యాంకులు కొత్త కార్డులను ఆ సౌకర్యం ఆపేసే ఇస్తాయి.

పేరు దగ్గర మనవాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాలి. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, లేక ఆ గడి ఖాళీగా ఉండి మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉందా? టికెట్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, వీసా మీద పూర్తిగా ఉంటే చెక్-ఇన్ కౌంటర్‌లోనే ఆపేయొచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా రెండింటిలోనూ అలాగే ఉండాలి. వచ్చిన వీసాను ఫోన్‌లో పెట్టుకుంటే చాలదు, ప్రింటు తీసుకెళ్లండి.

వీసా గడువు 180 రోజులు, అక్కడ ఉండగలిగేది 30 రోజులు, ప్రవేశం ఒక్కసారే. దెబ్బతీసేది ఈ చివరి షరతే. ఉత్తర తీరంలోని సెవుటా, మెలిల్లా మ్యాపులో మొరాకోలోనే ఉన్నట్టు కనిపిస్తాయి కానీ అవి స్పెయిన్ నగరాలు, అక్కడ అడుగుపెడితే మొరాకో దాటినట్టే. టాంజియర్ నుంచి ఫెర్రీలో స్పెయిన్ రేవు తరీఫా వెళ్లినా అంతే. షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) ఉంటే స్పెయిన్‌లోకి రానిస్తారు, తిరిగి మొరాకోలోకి రావాలంటే మాత్రం మళ్లీ కొత్త వీసా కావాలి. రెండు దేశాలూ చూడాలనుకుంటే మొరాకో భాగం ఒకే విడతలో ముగించండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

ఇమిగ్రేషన్ స్టాంపు పక్కన ఒక నంబరు వేస్తారు. హోటల్‌లో నింపే పోలీసు ఫారంలో అది అడుగుతారు, ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

సమయం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. రంజాన్ నెలలో గడియారం ఇంకో గంట వెనక్కి జరుపుతారు, ఆ రోజుల్లో రైలు, విమానం వేళలు మరోసారి సరిచూసుకోండి. కరెంటు 220 వోల్టులే. సన్నటి రెండు పిన్నుల చార్జర్ సరిపోతుంది, మూడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి. అరబిక్, అమాజిగ్ అధికార భాషలు. బోర్డులు చదవడానికి, బేరమాడడానికి కాస్త ఫ్రెంచ్ తెలిస్తే మేలు.

శాకాహారులు ‘కూరగాయల తజీన్’ (మట్టిపాత్రలో ఉడికించే కూర) అని అడిగితే సరిపోదు, అడుగున మాంసం ఉడికించిన రసం ఉండొచ్చు. ‘సాఁ వియాండ్, సాఁ బుయ్యోఁ’ (మాంసం వద్దు, ఆ రసం కూడా వద్దు) అని ఫ్రెంచ్‌లో చెప్పండి. నమ్మకంగా తినగలిగేది బిసారా. ఎండు బాకలా గింజలు (ఫావా బీన్స్) ముద్దపప్పులా మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసి వేడివేడిగా రొట్టెతో ఇస్తారు.

ఊళ్లో తిరిగే చిన్న టాక్సీలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు. నలుగురుంటే రెండు టాక్సీలే. ఎక్కగానే మీటరు వెయ్యమనండి, రాత్రి 50 శాతం ఎక్కువ పడుతుంది.

యూరోలు గానీ డాలర్లు గానీ తీసుకెళ్లండి, యూపీఐ మీద ఆధారపడొద్దు. దిర్హమ్‌లు 2,000కు మించి దేశం దాటించకూడదు, బయట మార్చుకోవడమూ కష్టం. మార్చినప్పుడు ఇచ్చిన రసీదులు దాచుకోండి. మిగిలిన డబ్బు వెనక్కి మార్చుకోవడానికి అవి అడుగుతారు. ఆ పని విమానాశ్రయంలో భద్రతా తనిఖీలోకి వెళ్లకముందే ముగించుకోండి.