డెల్టా నుంచి అనంతపురానికి కాపురం మార్చేవారికి

కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి ఉద్యోగరీత్యా అనంతపురం వచ్చేవారు సాధారణంగా ఎండకు భయపడుతూ వస్తారు గాని, ఇక్కడి జీవితాన్ని తీర్చిదిద్దినది ఎండకంటె వాన కొరతే. ఈ ప్రాంతం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందువల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేలోగా తేమను చాలావరకు కోల్పోతాయి. తూర్పు తీరానికి దూరమైనందువల్ల ఈశాన్య రుతుపవనాలు కూడా అంతంతమాత్రంగానే కురుస్తాయి. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. కాబట్టి ఇల్లు వెతకడం మొదలు ఇరుగుపొరుగుతో మాట కలపడం వరకు అన్నిటికీ నీటి లెక్కే ముందు తెలియాలి.

అద్దె ఇల్లు చూసేటప్పుడు గాలీ వెలుతురూ తరువాత, ముందు కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, సంపు ఎంత లోతో, బోరు వేసవిలో కూడా పోస్తుందో లేదో అడగండి. ఇంటి యజమానితో పాటు పక్కింటివారిని కూడా అడగడం మంచిది. బోరు నీరు తాగవలసి వస్తే తప్పనిసరిగా ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఈ ప్రాంతంలో చాలాచోట్ల భూగర్భజలంలో అది ఎక్కువగా ఉంటుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు, కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు.

వేసవికి ఏసీ కొనేముందు కూలరు సంగతి ఆలోచించండి. విజయవాడలోనో మచిలీపట్నంలోనో కూలరు గదిలో ఉక్కను పెంచుతుంది, ఎందుకంటే అప్పటికే తేమతో నిండిన గాలిలో నీరు అంతగా ఆవిరి కాదు. ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది గనుక అదే కూలరు చక్కగా చల్లబరుస్తుంది, అయితే కిటికీ తెరిచి ఉంచాలి, పైగా అది తాగే నీటిని కూడా సంపు లెక్కలో వేసుకోవాలి. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి డెల్టావారికి తెలియదు. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

పల్లెలో పాత మట్టిమిద్దె, అంటే చదునైన మట్టికప్పు ఇల్లు, దొరికితే వదులుకోవద్దు. మందపాటి గోడల వల్ల పగటి వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది. వానలకు ముందు పైకప్పు మీద చవుడు మట్టి పరిపించాలి. అది తడిసినప్పుడు సందులను పూడ్చి నీటిని కిందికి దిగనివ్వదు. తుపాను వానలు పడే కోస్తాలో ఇలాంటి చదునైన మట్టికప్పు ఎంతోకాలం నిలవదు.

తిండి విషయంలో తొందరపడనవసరం లేదు. రాగి, జొన్న, వేరుశనగ మెట్టపంటలు కావడం వల్లనే సంగటి, రొట్టె, ఊరుబిండి అనే పచ్చడి ఇక్కడి తిండి అయ్యాయి. అయినా 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత పేద ఇళ్లలో కూడా వరి అన్నం పెరిగింది, కనుక ప్రతి ఇంట్లో రోజూ సంగటి ఉంటుందని అనుకోవద్దు. పొద్దున ఉగ్గాని, బజ్జీతో మొదలుపెట్టండి. బొరుగులతో చేసే ఆ ఫలహారం ఎవరికైనా త్వరగా అలవాటవుతుంది.

మాటల్లో ‘అండి’ వినిపించలేదని చిన్నబుచ్చుకోవద్దు. ‘అన్నా’, ‘అక్కా’, ‘అప్పా’ అనే పిలుపుల్లోనే ఇక్కడి మన్నన ఉంటుంది. రైతు కుటుంబాలవారితో మాట కలపడానికి వానకంటె మంచి విషయం లేదు, ముంగారు (తొలకరి) పదునుకు వేరుశనగ విత్తి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మళ్లీ వాన కోసం ఎదురుచూసేవారికి అది ఊసుపోక మాట్లాడే సంగతి కాదు. పంట చేతికి వచ్చేదాకా ఖర్చుకు గాని, పెళ్లి ముహూర్తానికి గాని గట్టిగా మాట ఇవ్వకపోవడం నాకు పిసినారితనంగా కాక, సరైన లెక్కగానే కనిపిస్తుంది. సినిమాలు చూపే కత్తుల సీమను మనసులో పెట్టుకొని వచ్చేవారికి ఈ జాగ్రత్త కనిపించదు. మొహర్రం సమయంలో గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవానికి వెళ్తే, హిందువులు, ముస్లిములు కలిసి పీర్లకు మొక్కడం చూడవచ్చు.

సెలవురోజున బుక్కరాయసముద్రం చెరువు చూడండి. వీలైతే కడప జిల్లా పోరుమామిళ్ల కూడా వెళ్లండి. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అక్కడి 1369 నాటి శాసనం వివరిస్తుంది. నీరు తక్కువై, తడపవలసిన నేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. పెరట్లో తోట వేయదలచినవారు అరటి, కంద జోలికి పోక, మునగ, కరివేపాకు, సీతాఫలం వేసుకుంటే వంటింటి గిన్నెలు కడిగిన నీళ్లే వాటికి చాలావరకు సరిపోతాయి.