నిమజ్జనాలు, దసరా బందోబస్తు రోజుల్లో పాటించవలసిన జాగ్రత్తలు

వినాయక నిమజ్జనాల నుంచి దసరా దాకా విజయవాడలో ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి పరిసరాలు జనంతో కిక్కిరిసిపోతాయి. తోపులాట మొదలైతే లాఠీ లేవవచ్చు, అనుమానంతో కుర్రవాళ్లను స్టేషనుకు తీసుకెళ్లవచ్చు.

‘నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు’ అనే మాట మన వీధుల్లో తరచు వినబడుతుంది. రాత్రంతా నిలబడి కాపలా కాసే కానిస్టేబుల్ కష్టాన్ని చూసినవాళ్లు అలా అనుకోవడం నాకు అర్థమవుతుంది. అయినా పట్టుబడిన మనిషిని పారిపోకుండా ఆపడానికి అవసరమైనంతకు మించి నిర్బంధించరాదని చట్టం చెబుతోంది. శిక్ష వేయడం కోర్టు పని.

బయలుదేరే ముందు ఇంట్లోవాళ్ల ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. చెదిరిపొమ్మని హెచ్చరిక వినగానే వాదనకు దిగకుండా పక్కకు తప్పుకోండి.

ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, సాక్షి సంతకంతో మెమో (అరెస్టు వివరాల పత్రం) రాయాలి, బంధువులకు తెలియజేయాలి. వీటిలో మెమో, బంధువులకు కబురు అనేవి 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి; ఈ నియమాలన్నీ ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉన్నాయి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత స్త్రీలను అరెస్టు చేయరాదు.

దెబ్బ తగిలితే అదే రోజు ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లడం అన్నిటికన్నా ముఖ్యం. భయంతో చాలామంది ‘జారిపడ్డాను’ అంటారు. డాక్టరు రిజిస్టరులో ఆ మాటే పడుతుంది, తర్వాత ఏ విచారణలోనైనా అదే ఎదురు తిరుగుతుంది. ఎవరు, దేనితో, ఎన్ని గంటలకు కొట్టారో ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (చట్టపరమైన విచారణకు పనికొచ్చే గాయంగా) నమోదు చేయమని అడగండి. ముంజేతి మీద కమిలిన చార రెండు మూడు రోజుల్లో రంగు మారిపోతుంది కనుక, పక్కన స్కేలు పెట్టి ఆ పూటే ఫోటో తీయించుకోండి.

స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలనీ, ఆ దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలనీ 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి స్టేషనులో కొడితే పోలీసు కమిషనరుకు ఇచ్చే ఫిర్యాదులో తేదీ, సమయం రాసి, ఆ ఫుటేజీని చెరపకుండా ఉంచమని విడిగా ఒక వాక్యం చేర్చండి. ఫిర్యాదు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.