మేనేజరుకు చెప్పాలా, వద్దా?

గాజువాకలో షిఫ్టు బస్సు ఎక్కగానే తోటివాళ్ల ఫిర్యాదులు మొదలవుతాయి: "మీరైనా మేనేజరు గారికి చెప్పండి." తీరా చెబితే, ఆ అన్నవాళ్లే తల దించుకుంటారు. ఒకసారి అలా ఒంటరిగా నిలబడ్డాను.

ఇప్పుడు విన్నదాన్ని జేబు పుస్తకంలో ఒక్క వాక్యంగా, తేదీ వేసి రాసుకుంటాను. 2 రోజులు ఆగి అదే మనిషిని అడుగుతాను: "మీ పేరుతో చెప్పమంటారా?" సగం ఫిర్యాదులు అక్కడే, చేతిలో టీతో పాటే చల్లారిపోతాయి. కనీసం ముగ్గురు సరేనంటేనే, వారిలో ఒకరిని వెంటబెట్టుకుని వెళతాను.

లైంగిక వేధింపు విషయంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ముగ్గురి మాట కాదు, వేధింపుకు గురైన ఆమె ఇష్టమే ముఖ్యం. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఆ కమిటీకి ఫిర్యాదు రాసి ఇవ్వాలి.