ఎదిగే బిడ్డలకు విశ్వాసాన్నీ వినయాన్నీ అలవరచడం

పస్కా పండుగ ముగిశాక పన్నెండేళ్ల యేసు యెరూషలేములోనే నిలిచిపోగా, తల్లిదండ్రులు వెదకి వెదకి మూడు దినాల తర్వాత ఆయనను దేవాలయంలో కనుగొన్నారని లూకా సువార్త 2వ అధ్యాయం చెబుతుంది. "ఎందుకిలా చేశావు?" అని మరియ అడిగింది; జవాబు అర్థం కాకపోయినా ఆ సంగతులను హృదయంలో భద్రపరచుకుంది. టీనేజీ బిడ్డలున్న ఇంట్లో ముందుగా అలవరచుకోవలసింది ఈ క్రమాన్నే: మొదట అడగాలి, తర్వాత వినాలి, అన్నీ ఆ రోజే తేలిపోవాలని పట్టుబట్టకూడదు.

"నాకు ప్రార్థన చేయాలనిపించడం లేదు" అని బిడ్డ చెప్పినప్పుడు వెంటనే వాక్యం ఎత్తుకోకుండా, ఎప్పటినుంచి అలా ఉందో అడిగి, మౌనంగా వేచి ఉండండి. యేసు తిరిగి లేచాడన్న మాటను సందేహించిన శిష్యుడు తోమా ఎనిమిది దినాల తర్వాత కూడా తోటి శిష్యులతోనే ఉన్నాడంటే, వారు అతణ్ని వెలివేయలేదన్నమాట. ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పి, బైబిలు తెరిచి ఇద్దరూ కలిసి వెదకండి. అవసరమైతే సంఘ కాపరిని అడగండి.

వినయాన్ని బోధించడం కంటె కష్టమైనది బిడ్డ ముందు దాన్ని ఆచరించడం. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:21లో ఉన్న ఆజ్ఞ పెద్దలకే గాని పిల్లలకు కాదు. తప్పు మీదైతే దాన్ని పేరుపెట్టి ఒప్పుకోండి: "నిన్న చుట్టాల ముందు నీ మార్కుల గురించి ఎగతాళిగా మాట్లాడాను. అది తప్పు. నన్ను క్షమించు." అక్కడితో ఆపాలి. "కానీ నువ్వు కూడా..." అని ఒక్క మాట చేర్చితే క్షమాపణ కాస్తా మందలింపుగా మారిపోతుంది. నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఆ "కానీ" నాలుక చివరి వరకు వచ్చింది. దాన్ని మింగడానికి పట్టిన శ్రమ ఇంకా గుర్తుంది. నలుగురిలో అవమానించి ఉంటే ఆ నలుగురిలోనే ఒప్పుకోవాలి. "సరే, క్షమించాను" అనే జవాబు ఆ క్షణమే రావాలని ఎదురుచూడకండి.

అలాగని అదుపు వదలమని కాదు. కుమారుల దోషం తెలిసీ వారిని అడ్డగించని యాజకుడు ఏలీ ఇంటి మీదికి దేవుని తీర్పు వచ్చిందని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. నియమాలు కొద్దిగానే ఉండాలి, కారణం చెప్పాలి, పెద్దలూ పాటించాలి. కుటుంబ ప్రార్థనకు ఫోన్లు పక్కన పెట్టాలంటే ముందుగా పక్కన పెట్టవలసింది తండ్రి ఫోనే.

ఆ ప్రార్థన పదిహేను నిమిషాలు మించనక్కర లేదు. వాక్యభాగాన్ని ఎన్నుకునే వంతు బిడ్డకూ ఇవ్వండి. "ప్రభువా, వీడికి బుద్ధి దయచేయుము" అని బిడ్డ వింటుండగా గట్టిగా వేడుకోవడం కళ్లు మూసుకొని తిట్టడమే. బిడ్డ నమ్మి చెప్పిన రహస్యాన్ని అనుమతి లేకుండా ప్రార్థన అంశంగా సంఘంలో చెప్పకండి. ఒకసారి అలా జరిగితే ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పడానికి ఏళ్లు పట్టవచ్చు.

పాట పాడగల బిడ్డకు మైకు దొరకడం సులభమే. ఆరాధన ముగిశాక కుర్చీలు సర్దే పనిలో కూడా ఆ బిడ్డను మీతోపాటు నిలబెట్టుకోండి. యేసు శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13వ అధ్యాయం అప్పుడు ఉపదేశంగా మిగిలిపోకుండా చేతులకు తెలుస్తుంది. అయితే "నేను దేనికీ పనికిరాను" అనే మాటను వినయమని పొరబడకండి. అది తరచుగా వినబడుతూ, నిద్రా తిండీ తగ్గుతూ ఉంటే ప్రార్థిస్తూనే వైద్యుణ్ని గాని కౌన్సిలర్‌ను గాని కలవండి. అందులో విశ్వాసలోపమేమీ లేదు.

ఒక ఆదివారం ఆరాధనకు రానని బిడ్డ మొండికేస్తే, వాకిట్లో వాదన పెట్టుకోకుండా మీరు వెళ్లి రండి. తిరిగి వచ్చాక "ప్రసంగం ఏమిటి?" అని ఆరా తీసినా తీయకపోయినా, ఎప్పటిలాగే కలిసి భోజనానికి కూర్చోండి, రానన్న కారణాన్ని సాయంత్రం నెమ్మదిగా అడగండి.