కొనే ముందు ‘ఎందుకు?’ అని పరీక్షించుకునే పద్ధతి

కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణంలో నేను వాయిదాల మీద మూడో ఫోను తీసుకున్న రోజున, మొదటి రెండూ ఇంట్లో సొరుగులో పనిచేస్తూనే ఉన్నాయి. ఒకదానికి అంచున కొద్దిగా పెచ్చు లేచింది, అంతకు మించి లోపం లేదు. ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కతోలిక తత్వచింతన నిహిలిజాన్ని, అంటే దేనికీ అర్థమూ గమ్యమూ లేవనే ధోరణిని, పట్టుకునేది సరిగ్గా అక్కడే. దీన్ని శూన్యవాదమని అనువదిస్తుంటారు గానీ, బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యవాదంతో కలపకూడదు. నిహిలిజం పట్టిన మనిషికి జీవితం క్షణికమైన అనుభూతులను పోగుచేసుకునే అవకాశంగా మాత్రమే మిగులుతుందని రెండవ జాన్ పౌల్ పోపుగారు 1998 నాటి విశ్వలేఖలో (పోపు శ్రీసభ అంతటికీ రాసే బోధన లేఖలో) హెచ్చరించారు.

కాబట్టి కొనదలచిన వస్తువు పేరును ఒక కాగితం మీద రాసి, దాని కింద ‘ఎందుకు?’ అని వేసి, వచ్చిన జవాబు కిందా అదే ప్రశ్న వేస్తూ పోవాలి. ఆ వరుస ఒక మనిషి దగ్గరికో, ఒక పని దగ్గరికో చేరితే ఆ కోరికకు గమ్యం ఉన్నట్టే. ఎండిపోతున్న చీనీ తోటకు మోటారు కొనే రైతు రెండో ప్రశ్నకే అక్కడికి చేరుకుంటాడు. ‘కొత్తది కదా’ అన్న చోటే తిరుగుతుంటే ఆగాలి.

ఎందుకు ఆగాలో కతోలిక తత్వవేత్త పునీత తోమాస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే వివరించారు. తిండి, బట్ట, ఇల్లు వంటి సహజ సంపద మీద కోరికకు ప్రకృతే హద్దు పెడుతుంది, డబ్బు వంటి కృత్రిమ సంపద మీద కోరికకు ఆ హద్దు ఉండదు. రాగిసంకటి రెండు ముద్దలు తిన్నాక మూడోది కడుపే వద్దంటుంది; ఫోను విషయంలో అలా వద్దనే అవయవం మనకు లేదు, అందుకే ఆ పని వివేకం చేయాలి. అయితే వస్తువులను అసహ్యించుకోవడం కతోలిక మార్గం కానే కాదు, ఎందుకంటే సృష్టి మంచిదని ఆదికాండం మొదటి అధ్యాయమే చెబుతోంది. బాగా బతకాలనుకోవడంలో తప్పు లేదనీ, ‘ఏమై ఉన్నాను’ అన్నది వదిలి ‘ఏం కలిగి ఉన్నాను’ అన్న దాని చుట్టూ జీవితాన్ని కట్టుకోవడమే తప్పనీ అదే పోపుగారు 1991లోనే రాశారు.

రాత్రి పడుకునే ముందు యేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశోధన, అంటే గడిచిన రోజును దేవుని ముందు నెమరువేసుకునే ప్రార్థన, చేయాలి. అది కృతజ్ఞతతో మొదలవుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉన్న వస్తువుల్లో ఆ రోజు ఉపయోగపడిన ఒకదాన్ని పేరు పెట్టి తలచుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పాలి.

కాగితాన్ని వచ్చే ఆదివారం పూజ ముగిసేదాకా పక్కన ఉంచి, మళ్లీ చదవండి. జవాబు అప్పటికీ నిలిచి ఉంటే నిశ్చింతగా కొనండి.